జాగ్రత్తగారి కార్డు

మా ఆయన లెక్కలో సామాన్లు రెండే రకాలు: పోయినవి, ఇంకా పోనివి. అందుకు ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు. పెళ్ళికి ముందునుంచీ ఆయన ఉద్యోగం పెద్ద బస్టాండులో, మెట్ల కింద ఉన్న పోయిన సామాన్ల గదిలో. జనం బస్సుల్లో మర్చిపోయినవన్నీ కండక్టర్లు తెచ్చి అక్కడ పడేస్తారు. పొద్దస్తమానం అవే చూసే మనిషికి, పట్టుకెళ్ళిన సామానంతా పట్టుకుని క్షేమంగా ఇల్లు చేరేవాళ్ళు కూడా లోకంలో ఉంటారని ఎలా తెలుస్తుంది? వాళ్ళెవరూ ఆయన కిటికీ దగ్గరికి రారు కదా.

ఆ గది నేను చూశాను. ఒక గోడ పొడుగునా గొడుగులు, రంగుల వారీగా వేలాడుతుంటాయి. ఇంకో అరలో కళ్ళజోళ్ళు, దాని కింద ఒంటి చెప్పులు, ఒక గాజు సీసాలో కట్టుడు పళ్ళు. మూలన ఒక జత చంకకర్రలు. "కుంటుకుంటూ బస్సెక్కినవాడు కర్రలు మర్చిపోయి ఎలా దిగాడండీ?" అని అడిగాను ఒకసారి.

"అది మనకనవసరం. వచ్చి అడిగితే ఇస్తాం, అంతే" అన్నారు, ఆ కర్రల మీద దుమ్ము దులుపుతూ.

ఆయన పద్ధతులు ఆయనవి. చిల్లరమల్లర వస్తువులన్నీ గుడ్డలో చుట్టి, పురికొసతో రెండు ముళ్ళేసి, లాగితే ఊడేలా పైన ఒక చెవి వదులుతారు. మా ఇంట్లో చెంచాలు కూడా అలాగే మూటల్లో ఉంటాయి. ఎవరైనా వచ్చి ఇది నాదే అంటే, ఒకటే ప్రశ్న: "మీకు తప్ప ఇంకెవరికీ తెలియనిది ఒక్కటి చెప్పండి." చెప్పారా, ఇచ్చేస్తారు. ఇచ్చేటప్పుడు చేతిలో పెట్టి "జాగ్రత్త" అంటారు. మంత్రికైనా అదే మాట, బడిపిల్లకైనా అదే మాట. బస్టాండులో అందరూ ఆయన్ని జాగ్రత్తగారు అంటారు. ఈమధ్య పోస్టులో వచ్చే కవరు మీద కూడా అదే రాస్తున్నారు.

ఇలాంటి మనిషితో ప్రయాణమా? రామరామ! కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ పక్క ఊరి పెళ్ళిళ్ళు తప్ప మేం ఎక్కడికీ వెళ్ళింది లేదు. వెళ్ళినా ఆ పెళ్ళిలో ఆయన కళ్ళు పెళ్ళికొడుకు మీద ఉండవు, మా సంచీ మీద ఉంటాయి.

నా సంగతి వేరు. నాది బట్టలు సరిచేసే కొట్టు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఒక నిలువుటద్దం. ప్యాంటు పొడవు తగ్గించాలన్నా, జిప్పు మార్చాలన్నా మా వీధి వీధంతా నా దగ్గరికే వస్తుంది. ప్రయాణాలు పెట్టుకున్నవాళ్ళు మరీ ఎక్కువ. కోటు చేతులు పొట్టి చేయించుకోడానికి వచ్చి, తిరిగొచ్చాక మళ్ళీ జిప్పు ఊడిందని వచ్చి, ఈలోగా తాము చూసిన మంచుకొండల గురించి ఒకటే ఊదరగొడతారు. తీగల మీద వేలాడే డబ్బాలో కూర్చుంటే కొండ కొస దాకా తీసుకెళ్తుందట. అక్కడ మంచు కాలి కింద కరకరలాడుతుందట. నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఊఁ కొడుతూ, వాళ్ళ కోట్లన్నీ కుట్టిపెట్టాను. మంచు మాత్రం ఇంట్లో ఫ్రిజ్జులో తప్ప చూడలేదు.

ఇలా రోజులు గడుస్తుండగా మిషను తొక్కీ తొక్కీ నా కుడి మోకాలు మొరాయించింది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, "వచ్చే ఏడాది ఆపరేషన్ తప్పదు. ఆ తరవాత చాన్నాళ్ళు కొండలూ మెట్లూ అనుకోకండి. ఎక్కడికైనా వెళ్ళాలనుకుంటే ఈలోపే వెళ్ళిరండి" అంది.

ఇంటికొచ్చి మా ఆయన ముందు కూర్చుని, "ఏవండీ, నన్ను మంచుకొండకి తీసుకెళ్ళండి. మీరు రాకపోతే ఒక్కదాన్నే పోతాను" అన్నాను. ఉత్తుత్తి బెదిరింపు కాదు, నిజంగానే అన్నాను. అంటున్నప్పుడే ఏడుపొచ్చింది. ఒక్కదాన్నే వెళ్ళి ఏం చూడను? నాకు కావలసింది మంచు ఒక్కటే కాదు, పక్కన ఈ మనిషి కూడా. ఈయన ఇష్టపడి రావాలి. నా పోరు పడలేక, సంచీని కావలించుకుని, ఎప్పుడు ఇల్లు చేరతామా అని గడియారం చూసుకునే మనిషిని వెంటేసుకుని వెళ్ళి లాభమేమిటి?

ఆయన చేతిలో ఉన్న పురికొసకి ముడేసి, విప్పి, మళ్ళీ వేశారు. చివరికి, "సామాను పోతే?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పోతే పోనీండి! మీ గదిలో గుట్టలు గుట్టలుగా ఉన్నాయిగా, అందరూ బతికే ఉన్నారుగా!"

"అలా కాదు. ఎవరైనా పూచీ ఉంటే వస్తాను" అన్నారు.

ఆ పూచీ ఎక్కడ దొరుకుతుందో నా కొట్టుకి వచ్చే ఒకాయన చెప్పాడు. ప్రయాణాల కోసమని క్రెడిట్ కార్డులు ఇస్తారట. వాటితో టికెట్లు కొంటే పాయింట్లు వస్తాయి, ఇన్సూరెన్సు కూడా దానంతటదే వస్తుంది. ఈ మాట ఆయన చెవిన వేశాను. అదే నేను చేసిన పొరపాటు.

మర్నాటి నుంచి మా ఆయన కాళ్ళకి బలపం కట్టుకుని బ్యాంకులు తిరిగారు. ఒక్కో బ్యాంకు నుంచి రంగురంగుల పుస్తకాలు తెచ్చి భోజనాల బల్ల మీద పేర్చారు. మేం వంటింటి గట్టు మీద తినడం మొదలుపెట్టాం. ముందు పేజీల్లో నవ్వుతున్న జంటల బొమ్మలుంటాయి, ఆయన వాటిని తిప్పేస్తారు. చీమతలకాయంత అక్షరాలుండే వెనకపేజీలే ఆయనకి కావాలి. నా కొట్టులో బొత్తాల రంగు చూసే భూతద్దం కూడా పట్టుకుపోయారు.

చివరికి మా వీధి చివర బ్యాంకులో ఒక అమ్మాయి దొరికింది. దొరికింది అనడం కంటే బలైంది అనాలి. ఆ పిల్ల నవ్వుమొహంతో, "అంకుల్, ఈ కార్డు తీసుకోండి. విమానాశ్రయంలో ప్రత్యేకంగా గది ఉంటుంది. సోఫాలు, టీ కాఫీలు అన్నీ ఉచితం" అంది.

"నాకు గదులు వద్దమ్మా, ఉన్న గది చాలు. పెట్టె పోతే ఏమిస్తారు?"

"అది కూడా ఉంది అంకుల్. విమానంవాళ్ళు పోగొడితే డబ్బిస్తారు."

"పెట్టె వచ్చి, లోపల సామాను మాత్రం పోతే?"

ఆ పిల్ల పుస్తకం తిప్పింది. "ఇస్తారు అంకుల్."

"పెట్టె ఆలస్యంగా వస్తే? ఈలోగా కట్టుకోడానికి బట్టలుండవుగా?"

"దానికీ ఇస్తారు. విమానం ఆరు గంటలకి మించి ఆలస్యమైతే భోజనానికి కూడా ఇస్తారు."

"అయిదున్నర గంటలైతే?"

"ఇవ్వరు అంకుల్."

"అయిదున్నరకి ఆకలెయ్యదా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

వారం రోజులకి ఆ పిల్లకీ పట్టుదల వచ్చేసింది. ఆయన రాగానే తనే ఎదురొచ్చి, "అంకుల్, నిన్న మీరడిగింది కనుక్కున్నాను, గొడుగు కూడా సామాను కిందికే వస్తుంది" అనేది. ఇద్దరూ కలిసి నిబంధనలన్నీ వల్లె వేశారు. టికెట్టు మొత్తం ఆ కార్డుతోనే కొనాలి, సగం కార్డు సగం నగదు అంటే చెల్లదు. భార్య టికెట్టు కూడా అదే కార్డుతో కొంటేనే భార్యకి వర్తిస్తుంది. యజమాని కనిపెట్టుకుని లేని సామాను పోతే పైసా రాదు. ఈ ఆఖరి నిబంధన మా ఆయనకి మహా నచ్చింది. "న్యాయమే. వదిలేసిపోయినవాడికి ఎందుకివ్వాలి?" అన్నారు.

అంతా అయ్యాక, అన్నిటికంటే ఎక్కువ పాయింట్లొచ్చే కార్డుని ఈయన వద్దనేశారు. ఆ కార్డు తీసుకుంటే పాయింట్లతోనే రెండు రాత్రులు హోటలు ఉచితం. ఆ సంగతి తెలిసి నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. "చేతికొచ్చిన హోటలు కాలదన్నుకుంటారా! చెప్పమ్మా, నువ్వైనా ఈయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పు" అని బ్యాంకు అమ్మాయి దగ్గరికి వెళ్ళాను.

ఆ పిల్ల గొంతు తగ్గించి, "ఆంటీ, ఆ కార్డులో పాత జబ్బులకి వైద్యం ఖర్చు ఇవ్వరు. అక్కడ మీ మోకాలు తిరగబెడితే మీదే భారం. ఈ కార్డులో డాక్టరు కాగితం పెడితే ఇస్తారు. అంకుల్ మొదటిరోజే ఆ సంగతి అడిగారు, పెట్టె గురించి తరవాత అడిగారు" అంది.

నేను నోరు మూసుకుని ఇంటికొచ్చేశాను. ఆ పూట ఆయనకి ఇష్టమైన కూర వండాను, ఎందుకో మాత్రం చెప్పలేదు.

కార్డు వచ్చింది. నీలం రంగు, మీద చిన్న విమానం బొమ్మ. దాన్ని కూడా గుడ్డలో చుట్టి పురికొస కట్టారనుకోండి. చేరినందుకు బహుమతిగా కొన్ని పాయింట్లిస్తారని పుస్తకంలో చూశాను. "ఆ పాయింట్లు ఏమయ్యాయండీ?" అని అడిగితే, "ఇంకా పడలేదు" అన్నారు. మళ్ళీ వారం అడిగితే "పడతాయిలే" అన్నారు. ఆ పైవారం అడిగితే వినపడనట్టు గొడుగు బాగుచేసుకుంటూ కూర్చున్నారు. నాకు అనుమానం వచ్చింది, కానీ ప్రయాణం ముంగిట గొడవెందుకని ఊరుకున్నాను.

ఇక గొడవ మా అన్నయ్య రూపంలో వచ్చింది. మా అన్నయ్యది ఫర్నిచరు కొట్టు, చెయ్యి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. మేం ప్రయాణం పెట్టుకున్నామని తెలిసి ఎగిరి గంతేసినంత పనిచేసి ఇంటికొచ్చాడు. "బావగారూ, మా చెల్లెలికి మంచు చూపిస్తున్నారట! టికెట్లు నావి. మీరు నోరెత్తడానికి వీల్లేదు" అన్నాడు.

"వద్దు బావగారూ" అన్నారు మా ఆయన, తాపీగా.

"అదేమిటండీ! పరాయివాణ్ణా?"

"పరాయని కాదు. మీ డబ్బుతో టికెట్టు కొంటే నా పెట్టెకి దిక్కుండదు. మీ చెల్లెలి మోకాలికీ ఉండదు."

అన్నయ్య మొహం కందగడ్డ అయిపోయింది. నేను మధ్యలో పడి కార్డు, నిబంధన, మొత్తం టికెట్టు అంటూ ఏదో చెప్పబోతే వినలేదు. "నా డబ్బు పనికిరాదన్నమాట, బ్యాంకువాడి డబ్బు పనికొస్తుందన్నమాట!" అని చరచరా వెళ్ళిపోయాడు. రోజుకి మూడుసార్లు ఫోన్ చేసే అన్నయ్య ఒక్కసారి కూడా చెయ్యలేదు. వదిన చేసి, "మీ అన్నయ్య అలిగి అన్నం కూడా సరిగ్గా తినడం లేదమ్మా, రెండుసార్లే వడ్డించుకుంటున్నారు, మూడోసారి అడగడం లేదు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం అన్నయ్యే వచ్చాడు. కారులోంచి ఓ పెద్ద పెట్టె దించాడు. ముదురాకుపచ్చ రంగు, నాలుగు చక్రాలు, ఒక్క వేలితో తోస్తే గది ఆ కొసకి పోతుంది. "దీనికైనా మీ ఆయన కార్డు ఒప్పుకుంటుందేమో కనుక్కో" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని. నేను అన్నయ్య చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం కాస్త కళ్ళు తుడుచుకున్నాం, ఆ తరవాత మూడుసార్లు వడ్డించాను.

మా ఆయన అప్పటికి ఇంట్లో లేరు, బస్టాండులో తన అరలన్నీ ఇంకొకాయనకి అప్పగిస్తున్నారు. తన బట్టలు మాత్రం పొద్దున్నే మూట కట్టి, రెండు ముళ్ళూ ఒక చెవీ వేసి మంచం మీద పెట్టి, "విప్పకు. అలాగే పెట్టెలో పెట్టెయ్" అని చెప్పి వెళ్ళారు. ఆయన మూటలు విప్పితే మళ్ళీ అలా కట్టడం ఎవరి తరమూ కాదు గనక నేను విప్పలేదు. నా చీరలు, కోటు, మందులు, ఆయన మూట, అన్నీ సర్దాను. పొద్దున్నే మోకాలితో మెట్లు దింపుకోవడం కష్టమని అన్నయ్య ఆ పెట్టెని అప్పుడే తన కారులో పెట్టేసుకున్నాడు. రాత్రి ఆయన వచ్చి అడిగితే పెట్టె అన్నయ్య కారులో ఉందన్నానే గానీ, అది కొత్తదని చెప్పడం మర్చిపోయాను. తెల్లారి తనే వచ్చి మమ్మల్ని విమానాశ్రయంలో దింపి, తనే పెట్టె లాక్కొచ్చి నా చేతికిచ్చాడు. మా ఆయన అంతకుముందే లోపలికి వెళ్ళిపోయారు, పాస్‌పోర్టులూ కార్డూ ఉన్న చేతిసంచీని పొట్టకి అదుముకుని.

అంటే, ఆయన ఆ ఆకుపచ్చ పెట్టెని కళ్ళారా ఒక్కసారి కూడా చూడలేదన్నమాట. ఇది నాకు తరవాత తట్టింది.

విమానంవాళ్ళు సామాను తీసుకునే కిటికీ దగ్గర వరస ఇంకా కదల్లేదు. ఆయన కూర్చున్న బెంచీ చివర, ఆయన వీపు వెనక పెట్టె నిలబెట్టి, "ఏవండీ, నేనిప్పుడే బాత్రూముకి వెళ్ళొస్తాను. సామాను చూస్తూండండి" అన్నాను.

"చూస్తూనే ఉన్నాను" అన్నారాయన, చేతిసంచీని ఇంకాస్త గట్టిగా కావలించుకుని. నేను వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి బెంచీ ఉంది, ఆయన ఉన్నారు, సంచీ ఉంది. పెట్టె లేదు.

ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. "నువ్వు ఇలా వెళ్ళావో లేదో, ఓ మంచి పని చేశానోయ్! విమానాలు చూపించే బోర్డు దగ్గరికి వెళ్ళొచ్చేసరికి ఇక్కడ ఒక పెట్టె అనాథలా నిలబడి ఉంది. చుట్టుపక్కల అందర్నీ అడిగాను, ఎవరూ మాది కాదన్నారు. పాపం, ఎవడో మతిమరుపు మనిషి! తీసుకెళ్ళి ఇక్కడి పోయిన సామాన్ల కౌంటరులో అప్పగించి వచ్చాను. కొత్త పెట్టె కూడానూ!"

"ఏం రంగు?" అన్నాను. 

"ముదురాకుపచ్చ. నాలుగు చక్రాలు" అన్నారు, తన ఉద్యోగం తాను చేసినట్టు.

నేను అరవలేదు. నిజం చెప్తున్నాను, అరవడానికి ఊపిరి ఉంటేగా! "అది మనది" అన్నాను. ఆ రెండు మాటలూ ఆయన బుర్రలోకి దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగాక ఆయన మొహం చూడాలి! ఇన్నేళ్ళూ కిటికీ అవతలవైపు నిలబడ్డవాళ్ళందరి మొహాలూ ఒకేసారి ఆయన మొహం మీదికొచ్చాయి.

"మనం కనిపెట్టుకుని లేం" అన్నారు నీరసంగా. "ఇన్సూరెన్సు కూడా రాదు."

"ఇన్సూరెన్సు మాట ఎత్తితే చంపేస్తాను, నడవండి!" అని చెయ్యి పట్టి లాక్కుపోయాను. మోకాలు కలుక్కుమంది, లెక్కచెయ్యలేదు.

కౌంటరులో ఓ అమ్మాయి ఉంది. నున్నగా దువ్విన జుట్టు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. వెనకాల అరలో మా పెట్టె ఎంచక్కా కనిపిస్తూనే ఉంది. "అదిగో, అది మాదేనమ్మా!" అన్నాను.

ఆ అమ్మాయి మా ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరే కదా ఇందాక తెచ్చిచ్చింది? ఎవరిదో తెలీదన్నారు. ఇప్పుడు మీదే అంటున్నారు. ఎలా ఇవ్వమంటారు?"

"భేష్!" అన్నారు మా ఆయన. "బాగా అడిగావమ్మా. అలాగే అడగాలి. నేనైనా ఇవ్వను."

"మీరు నోర్ముయ్యండి!" అన్నాను.

"లోపల ఏమున్నాయి?" అందా పిల్ల.

నేను గబగబా చెప్పుకుపోయాను. చీరలు, కోటు, మందుల డబ్బా, దువ్వెన. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "బట్టలూ మందులూ అందరి పెట్టెల్లోనూ ఉంటాయండీ. మీకు తప్ప ఇంకెవరికీ తెలియనిది ఒక్కటి చెప్పండి."

మా ఆయన ఉలిక్కిపడి ఆమె వైపు చూశారు. తన మాట ఇంకొకరి నోట వినడం ఆయనకి అదే మొదలు.

నేను చెప్పడానికి నోరు తెరవబోతే, "మీరు కాదండీ. అప్పగించినట్టు సంతకం ఆయనది. ఆయనే చెప్పాలి" అంది.

 సర్దింది నేను. పెట్టె మొహమే తెలియని మనిషికి లోపల ఏముందో ఏం తెలుస్తుంది? అటు సామాను తీసుకునే వరస కరిగిపోతోంది. ఇంకాసేపట్లో కిటికీ మూసేస్తారు. అయిపోయింది, ఇక మంచు లేదు, కొండ లేదు, ఇంటికెళ్ళి మోకాలు కోయించుకోవడమే అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఆయన తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశారు. తరవాత నా వైపు తిరిగి, "నువ్వు కాస్త అటెళ్ళి నిలబడు" అన్నారు.

"ఎందుకు?"

"నిలబడవోయ్!"

"టైమైపోతోంది మహానుభావా! చెప్పేదేదో చెప్పండి!"

"నువ్వు వెళ్తేగానీ చెప్పను" అని భీష్మించుకున్నారు. వరసలో నిలబడ్డ జనం మమ్మల్నే చూస్తున్నారు. పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి స్తంభం పక్కన నిలబడ్డాను. అంతటితో ఆగారా! "చెవులు కూడా మూసుకో" అన్నారు. ఆ దేవుడి మీద ఒట్టు, మూసుకున్నాను.

ఆయన కౌంటరు మీదికి వంగి ఆ పిల్ల చెవిలో ఏదో చెప్పారు. ఆమె పెట్టె తెరిచింది. పురికొస చెవి పట్టుకుని లాగి మూట విప్పింది. లోపలికి చూసింది. నా వైపు ఒకసారి చూసింది. ఇస్త్రీ మడతలాంటి ఆ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. మూట మళ్ళీ ఎలా కట్టాలో తెలియక తంటాలు పడుతుంటే మా ఆయనే రెండు ముళ్ళూ ఒక చెవీ వేసిచ్చారు. ఆ పిల్ల పెట్టె మా చేతిలో పెట్టి, "జాగ్రత్త అంకుల్" అంది.

వరసలో ఆఖరివాళ్ళం మేమే.

సామాను ఇచ్చేసి లోపలికి వెళ్ళాక విమానం ఆలస్యమన్నారు. చుట్టూ అందరూ విసుక్కుంటుంటే మా ఆయన కార్డు చేత్తో పట్టుకుని గడియారం వైపు ఆశగా చూస్తూ కూర్చున్నారు. ఆ వెధవ విమానం ఆరు గంటలు నిండడానికి కాస్త ముందు బయల్దేరింది. ఆయన ఉసూరుమన్నారు. ఆ ఉన్నంతసేపూ నేను జోరీగలా ఆయన చెవిలో మూటలో ఏముంది, మూటలో ఏముంది అని రొద పెట్టాను. ఊహూఁ, కొరకరాని కొయ్య! ఆకాశంలో కూడా అడిగాను. హోటల్లో దిగాక మూట నా చేతికందకుండా తలకింద పెట్టుకుని పడుకున్నారు.

మర్నాడు తీగల మీద వేలాడే డబ్బా ఎక్కాం. ఎక్కేటప్పుడు చేతిసంచీ, దిగేటప్పుడు చేతిసంచీ, మధ్యలో నా చెయ్యి. పైన తలుపు తెరుచుకోగానే, అబ్బ! ఎంత తెలుపు! కాలు పెడితే నిజంగానే కరకరలాడింది. నేను చిన్నపిల్లలా ఒకే చోట నాలుగుసార్లు తొక్కాను. మోకాలు ఉందన్న సంగతే మర్చిపోయాను.

అప్పుడు ఆయన, ఆ బట్టల మూటలో దాచి తెచ్చిన ఓ చిన్న మూటని సంచీలోంచి తీసి నాకిచ్చారు. "విప్పు" అన్నారు.

లోపల అరచేతిలో ఇమిడే దుర్భిణి. కొత్తది. కళ్ళకి పెట్టుకుంటే ఎక్కడో ఎదర ఉన్న కొండ శిఖరం ముక్కు మీదికి వచ్చేసింది. గాలికి దాని మీది మంచు పొడిలా లేచి ఎగరడం కూడా కనిపించింది.

"పాయింట్లా?" అన్నాను.

"పాయింట్లే. అన్నీ" అన్నారు.

"నాకిది కావాలని మీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు."

"నేనా? ఎప్పుడు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. గదిలో ఎవరిదైనా వస్తువు ఆనవాళ్ళు చదివేటప్పుడు అలాగే సవరించుకుంటారు. "పెళ్ళైన కొత్తలో. మొదటిసారి నా గదికి అన్నం డబ్బా తెచ్చావు. పసుపుపచ్చ చీర, జడకి నల్ల రిబ్బను. అరలో ఎవరో మర్చిపోయిన దుర్భిణి ఉంటే తీసి కళ్ళకి పెట్టుకుని, బస్టాండు గోడ వైపు చూస్తూ, ఎప్పటికైనా దీంతో మంచుకొండ చూడాలండీ అన్నావు. మర్నాడు దాని యజమాని వచ్చి పట్టుకుపోయాడు. నువ్వన్న మాట మాత్రం ఉండిపోయింది."

నాకు లీలగానైనా గుర్తులేదు. చీర గుర్తుంది, ఎప్పుడో పాత గుడ్డల్లో పడేశాను. ఆ మాట నేనన్నానా? ఈ మనిషి రారేమో, వచ్చినా నా పోరు పడలేకే వస్తారేమో అని నేను కుమిలిపోయినన్నాళ్ళూ, నేనే పారేసుకున్న నా కోరికని ఈయన ఏ అరలో భద్రంగా పెట్టి దుమ్ము దులుపుతూ వచ్చారో! కళ్ళకి దుర్భిణి పెట్టుకునే ఉన్నాను గనక ఏడుస్తున్నట్టు ఆయనకి కనపడలేదు. కొండ మాత్రం నాకు మసకబారిపోయింది.

"ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకుని ఒక్కసారైనా నోరు విప్పలేదేమండీ?" అన్నాను, ముక్కు ఎగబీలుస్తూ.

ఆయన నా మెళ్ళో ఆ దుర్భిణి తాడు సరిగ్గా వేసి, "జాగ్రత్త" అన్నారు. తరవాత ఇందులో వింతేముందన్నట్టు నా వైపు చూశారు.

"నువ్వొచ్చి అడగలేదుగా మరి."